తాడు బాబాయి చూపించే నీటికుక్క

రేవులో పడవకు తాడు కట్టే ఆయన్ని అందరూ తాడు బాబాయి అంటారు. పడవ నడిపేది ఆయన బావమరిది. ఆ పడవ వేళకు వచ్చిన రోజు లేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే అతన్ని ఇంటికి పంపిస్తామని ఆఫీసువాళ్లు చెప్పేశారు.

"మా తమ్ముణ్ణి ఇంటికి పంపిస్తే వాడొచ్చేది మనింటికే. తర్వాత నీ ఇష్టం," అంది బాబాయి భార్య.

అందుకే బాబాయి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. జనం గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టగానే, తాడు చుట్ట భుజాన వేసుకుని నీళ్లవైపు వేలు చూపిస్తాడు. "అదిగో, నీటికుక్క! అరవకండి, మునిగిపోతుంది."

అరవకూడదు గనుక ఎవరూ సణగరు కూడా. బాబాయికి బుద్ధెరిగిన నాటినుంచీ నీళ్లలో ఈదుతూ చేపలు పట్టి తినే నీటికుక్క ఆ నదిలో కనిపించింది లేదు. కానీ అదిగో పులి అంటే ఇదిగో తోక అనేవాళ్లకు ఏ రేవులోనూ కరువు లేదు. ఒకాయన దాని మీసాలు చూశాడు. ఒకావిడ పిల్లల్ని కూడా చూసింది.

ఫిర్యాదులు ఆగిపోయాయి. అదే కొంప ముంచింది. పడవ ఆలస్యమవుతున్నా ఎవరూ నోరెత్తకపోవడమేమిటని సూపర్‌వైజరమ్మ ఆరా తీసి, నీటికుక్క సంగతి విని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని స్వయంగా వచ్చింది.

"ఏదయ్యా నీ జంతువు?"

అలవాటుపడ్డ బాబాయి వేలు దానంతటదే లేచింది. "అదిగో మేడమ్."

ఆమె చాలాసేపు చూసింది. "అది కొమ్మ."

"కొమ్మ పక్కన మేడమ్," అంది పిల్లల్ని చూసినావిడ. "నిన్న కూడా అక్కడే ఆడుకున్నాయి."

"మీకు అంతంత అద్దాలున్నాయి కదండీ, అయినా కనపడలేదా?" అన్నాడు మీసాలు చూసినాయన జాలిగా.

సూపర్‌వైజరమ్మ బైనాక్యులర్స్ అద్దాలు తుడిచి మళ్లీ కళ్లకు పెట్టుకుంది. "ఆ... తోక. ఇప్పుడే మునిగింది."

అంతలో పడవ డబడబమంటూ వచ్చి ఆగింది. సంగతేమిటో విని బావమరిది పకపకా నవ్వాడు. "నీటికుక్కేంటి బావా! ఇన్నేళ్లుగా తిరుగుతున్నా నాకొక్కటీ కనపళ్లేదే!"

బాబాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నీకెలా కనపడుతుంది? నీ ఇంజను మోతకి రాళ్లు కూడా పారిపోతాయి," అంది సూపర్‌వైజరమ్మ. "రేపట్నుంచి మలుపు దగ్గరే జోరు తగ్గించి మెల్లగా రా. ఆలస్యమైతే ఆఫీసులో నేను చెప్పుకుంటాను."

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయాక బావమరిది పడవ అంచు మీదనుంచి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "బావా, నిజం చెప్పు. ఉందా, లేదా?"

"మేడమే చూసింది కదరా, మధ్యలో నన్నడుగుతావేంటి? తాడు అందుకో."