బొటనవేలి మరకలు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి గ్రీకు ఫాదర్ అంటే నాకు ముందు ఆయన బొటనవేలే గుర్తొస్తుంది. పుస్తకం ముట్టుకునే ముందు దాన్ని నల్ల అంగీకి తుడుచుకునేవారు. రిటైరయ్యాక ఆదివారాలు చర్చిలో పిల్లలకి క్లాసు చెప్పేవారు.

ఆయన దగ్గర పాత భూగోళం పుస్తకం ఒకటుండేది. గ్రీసుకి స్వాతంత్ర్యం రాకముందు ఒక ఫాదరే పిల్లల కోసం రాసి, వియన్నాలో అచ్చు వేయించిన పుస్తకం. పేజీల మూలలు అప్పటి పిల్లల వేళ్ల మురికితో నల్లబడి ఉండేవి. ఆయన ఆ మరకల మీద తన వేలు ఆనించి, "వీళ్లకి సొంత దేశమే లేదు. అయినా దీంట్లో ప్రపంచమంతా తిరిగారు, చూశావా?" అనేవారు. క్లాసులో కూడా ఆ పుస్తకాన్నే పిల్లల చేతికిచ్చేవారు.

అది చర్చి కమిటీకి నచ్చలేదు. పాడైపోతుందంటూ తీసుకెళ్లి, హాల్లో గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. "బడి పుస్తకాన్ని శవంలా పడుకోబెట్టారు," అన్నారాయన నాతో. మళ్లీ క్లాసుకి వెళ్లలేదు. రమ్మని పిలిచిన వాళ్లూ లేరు.

కిందటి నెల ఆయన పోయారు. చర్చిలో కమిటీ ప్రెసిడెంటు మైకు పట్టుకుని, ఫాదర్ ఆ పుస్తకాన్ని ప్రాణంలా కాపాడారంటూ కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ కాఫీకి లేచాక బీరువా దగ్గరికి వెళ్లాను. పుస్తకం తెరిచే ఉంది. మూలలు తెల్లగా మెరుస్తున్నాయి.

ప్రెసిడెంటు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"స్పెషలిస్టుని పిలిపించి మరకలన్నీ తీయించేశాం," అన్నాడు గర్వంగా. "చూశారా?"