పింగ్ ఆపిన మధ్యాహ్నం

మొన్న మా చెల్లెలికి చీరలు పంపిద్దామని శంషాబాద్‌లో ఒక కొరియరు ఆఫీసుకు వెళ్లాను. కౌంటరు వెనక ఉన్నతను అట్టపెట్టె మీద టేపు సర్రున లాగాడు. ఆ చప్పుడు చెవిలో పడగానే ఉన్నచోటే నిలబడిపోయాను. దానికి తోడు లోపల ఎక్కడో తడిసిన అట్టల వాసన. "మేడం, పిన్‌కోడ్ చెప్పుండ్రి" అని అతను అడుగుతూనే ఉన్నాడట, నాకు వినపడితే కదా! మనసు అప్పటికే విమానాశ్రయం వైపున్న ఒక గోదాములోకి వెళ్లిపోయింది. పెట్టెలకు టేపులు వేస్తున్న ఆ రొదలో, ఒక చెవి మూసుకుని, ఫోనులో సబీహా మేడంతో గట్టిగా అరుస్తూ మాట్లాడిన మధ్యాహ్నం అది. ఆవిడ గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఆ టేపు చప్పుడు ఇంటికొచ్చాక కూడా వదల్లేదు కాబట్టి, ఇక రాయక తప్పదు.

సబీహా మేడం పహాడీ షరీఫ్ మనిషి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం పెద్దది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. శంషాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ విభాగానికి ఆవిడే పెద్ద. గోదాముల్లో పెట్టెల మీది బార్‌కోడ్ చదివే యంత్రాలు తయారుచేసేవాళ్లం. నేను అక్కడ చేరేనాటికి ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. రెండు కాన్పులు, ఆ తర్వాత అత్తగారి జబ్బు. వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే ప్రశ్న: ఇన్నేళ్లు ఏం చేశారు? ఏం చేశానని చెప్పను, అన్నం వండానని చెప్పనా? ఒళ్లు మండేది. సబీహా మేడం ఆ మాటే ఎత్తలేదు. "ప్రోగ్రాం రాసుడు యాదికున్నదా?" అని అడిగింది. "ఉన్నది మేడం, జర తుప్పు పట్టింది" అన్నాను. "తుప్పుదేముంది, గీకితె పోతది. సోమారం రా" అంది. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. మామిడిపల్లి వెళ్లే బస్సులో ఇంటిదాకా నవ్వుకుంటూనే వెళ్లాను, పక్కనున్నావిడ నన్ను అనుమానంగా చూసింది కూడా.

చేరాక నాకు పట్టుకున్న రోగం ఒకటుంది. ప్రతిదానికీ సారీ చెప్పడం. ఇంట్లో నోరు ఆగదు నాకు, మా ఆయన్ని అడిగితే చెబుతాడు. ఆఫీసులో మాత్రం మళ్లీ ఇంటికి పంపించేస్తారేమోనన్న భయం పీకుతూ ఉండేది. ఒకరోజు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే కూడా "సారీ మేడం" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ప్రింటర్ల కాయితం ఇరికితె నువ్వెందుకు సారీ చెప్తున్నవ్? అది నీ చిన్నాయన కొడుకా?" అంది. గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కానీ రోగం తగ్గలేదు.

ఆవిడకూ ఒక అలవాటుండేది. పరీక్షల బల్ల మీద వరసగా ఉండే యంత్రాలన్నిటికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పింగ్ నడుస్తూ ఉండాల్సిందే. పింగ్ అంటే ఏమీ లేదు, ఒక కంప్యూటరు ఇంకో యంత్రాన్ని క్షణక్షణం 'ఉన్నావా?' అని పలకరించడం, అది 'ఉన్నాను' అని జవాబివ్వడం. ఆవిడ దాన్ని నాడి చూడడం అనేది. పొద్దున రాగానే భుజాన బ్యాగు కూడా దించకుండా బల్ల దగ్గరికి వచ్చి, "అందరు పలుకుతున్నరా?" అని అడిగేది. తెరల మీద జవాబులు వరసగా పైకి పోతూ కనిపిస్తేనే చాయ్ ముట్టుకునేది. ఎప్పుడైనా ఎవరైనా పింగ్ పెట్టడం మరిచిపోతే ఆ పూట వాళ్లకు చీవాట్లే. మేమంతా ఆ పద్ధతికి ఎంత అలవాటు పడ్డామంటే, యంత్రం స్విచ్చి వేయడమూ పింగ్ పెట్టడమూ మాకు ఒకే పని అయిపోయింది.

మా యంత్రాలకు నెట్‌వర్క్ తీగ నేరుగా తగిలించే చోటు లేదు. యూఎస్‌బీకి ఒక చిన్న అడాప్టర్ గుచ్చి, దానికి తీగ పెట్టేవాళ్లం. ఆ అడాప్టర్‌తో యంత్రం ఎలా మాట్లాడాలో చెప్పే ప్రోగ్రామే డ్రైవర్. ఆ డ్రైవర్‌లో, పాడైన సమాచారాన్ని లెక్కపెట్టే పద్ధతిని నేను కొద్దిగా మార్చాను. ఉద్యోగంలో నేను సొంతంగా చేసిన మొదటి మార్పు అది. ఇతరులవి ఇంకొన్ని మార్పులతో కలిపి కొత్త వెర్షన్ బయటికి వెళ్లింది. ఇంట్లో పాయసం కూడా చేశాను, సిగ్గు లేకుండా. కొన్నాళ్లకే గోదాము సూపర్‌వైజరు యాదగిరి ఫోను. "మీ డబ్బలు మాటిమాటికి పండుతున్నయి మేడం. పాతదున్నప్పుడు మంచిగుండె. గిప్పుడు ఆ ముక్కను పీకి మళ్ల గుచ్చితెనే లేస్తున్నయి. మామిడిపండ్ల పెట్టెలు ఫ్లైటుకు అందుతలేవు." మా వైపు పండడమంటే పడుకోవడం, యంత్రాలు ఆగిపోతున్నాయని అతని గోల. బాగా నడిచినది కొత్త వెర్షన్‌తో చెడిపోతే దాన్ని మా వాళ్లు రిగ్రెషన్ అంటారు. అంటే కొత్త మార్పుల్లో ఏదో ఒకటి దాన్ని చెడగొట్టిందన్న మాట. అతను పీకి గుచ్చుతున్న ఆ ముక్క అడాప్టరే, దాని డ్రైవర్‌ను మార్చింది నేను.

మా డైరెక్టరు మూర్తి గారిది కాకినాడ వైపు. మనిషి చెడ్డవాడు కాదు, క్లయింటు పేరు చెబితే మాత్రం కంగారు. ఆయన గది తలుపు తెరిచే ఉంది, నేను అడాప్టర్ చేతిలో పట్టుకుని బయట నిలబడి ఉన్నాను. "చూడండి సబీహా గారూ, ఆ డ్రైవర్‌ను ముట్టుకున్నది శ్రీలత గారే కదా. ఇంక విచారించేదేముంది? ఆవిడింకా పర్మనెంటు కూడా కాలేదు. ఆ మనిషిని తీసేశామని చెబితే క్లయింటు కూడా శాంతిస్తాడు" అంటున్నాడు. ఇక్కడినుంచి కూడా పంపించేస్తే నన్ను రెండోసారి ఎవరు పిలుస్తారు? సబీహా మేడం గొంతు వినిపించింది. "మూర్తి సాబ్, డ్రైవర్‌ని లత ఒక్కతే ముట్టలే. ఎవ్వల మార్పుతోని పోయిందో చూపెట్టి, అప్పుడు పేరు చెప్త. అప్పటిదాక ఎవ్వల పేరు తియ్యకుండ్రి." ఆయన కాసేపు నసిగి, "రేపు సాయంత్రం దాకా, అంతేనండీ" అన్నాడు.

ఆవిడ బయటికి రాగానే ఎదురెళ్లాను. "మేడం, నాదే అయ్యుంటది. సారీ మేడం, నేను..." అంటూ ఏదేదో అనబోయాను.

"చూసినవా?" అంది.

"లేదు."

"చూడకుండ మాఫీ అడుగుడు గూడ అబద్ధమే, లతా. పరేషాన్ గాకు, జర కూసో."

ఆ మాటకు అప్పుడు నొచ్చుకున్నాను. మంచితనంగా తప్పు ఒప్పుకుంటుంటే అబద్ధమంటుందేమిటని లోలోపల గొణుక్కున్నాను కూడా. ఆ సాయంత్రం ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ మధ్య జరిగిన మార్పులన్నీ వరసగా ఉంటాయి. సగం దాకా మాత్రమే తీసుకుని పరీక్షించాలి. అది బాగుంటే దోషం రెండో సగంలో ఉన్నట్టు, చెడితే మొదటి సగంలో. ఇలా సగం, అందులో సగం చేసుకుంటూ పోతే చివరికి ఒక్క మార్పు మిగులుతుంది. పద్ధతి బాగానే ఉంది కానీ, మా బల్ల మీద అన్నీ బాగానే నడుస్తున్నాయి. పూర్తి కొత్త వెర్షన్ పెట్టినా నిక్షేపంగా నడుస్తోంది. "యా అల్లా, ఈడ గింత మంచిగ నడుస్తది, ఆడికి పోయినంక ఏం రోగం దీనికి?" అని తల పట్టుకుంది మేడం. పింగ్ తెర మాత్రం నిశ్చింతగా జవాబులు చూపిస్తూనే ఉంది.

మర్నాడు గోదాముకు నన్ను ఒక్కదాన్నే వెళ్లమంది. "నేనా మేడం?" అన్నాను. "హౌ, నువ్వే. నీకు కండ్లున్నయి గద. కనిపించింది చెప్పు, అనుకున్నది చెప్పకు." వెళ్లి, తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టి, అలవాటు చొప్పున పింగ్ మొదలుపెట్టి కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఆగితే ఒట్టు! చుట్టూ టేపుల చప్పుడు, మామిడిపండ్ల వాసన. యాదగిరి వచ్చి చూసి, "మీరొచ్చినంక బుద్ధిగ నడుస్తున్నది అక్కా. మీరంటె భయం గావొచ్చు" అని ఎగతాళి చేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు అయిపోవచ్చింది. ఉన్న ఒక్క ప్లగ్గులో పెద్ద ఫ్యాను తిరుగుతోంది. సరే, తిన్నాక చూద్దామని మూసేసి, అన్నం డబ్బా విప్పుకున్నాను. తినడం అయ్యీ కాకముందే యాదగిరి కేక. "గిదే! గిదే అక్కా! మళ్ల పండింది!" ఎర్ర లైటు వెలుగుతోంది. పాడైపోతే నా అంత సంతోషించిన మనిషిని అతను ఎప్పుడూ చూసి ఉండడు.

అడాప్టర్ పీకి గుచ్చాను, నడిచింది. ల్యాప్‌టాప్ తెరిచి పింగ్ పెట్టాను, నడుస్తూనే ఉంది. పింగ్ ఆపి, చాయ్ తాగినంతసేపు ఊరుకుని, మళ్లీ పెట్టె చదివించాను. పండింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఒక చెవి మూసుకుని మేడంకు ఫోను చేశాను. "మేడం, పింగ్ పెడితే నడుస్తున్నది. పింగ్ ఆపితే పండుతున్నది."

"మళ్ల చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. "యా అల్లా!" అని ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "మనమే దాన్ని పండనియ్యలే లతా! పొద్దంత ఉన్నవా, ఉన్నవా అని లేపుకుంటనే కూసున్నం! ఇగ నువ్వు రా, జల్ది రా."

సంగతి అది. కాసేపు పని లేకపోతే అడాప్టర్ కరెంటు ఆదా చేయడానికి నిద్రపోతుంది. పని రాగానే లేవాలి, లేచాక డ్రైవర్ దానికి చెప్పాల్సినవన్నీ మళ్లీ చెప్పాలి. కొత్త వెర్షన్‌లో అది నిద్రపోతోంది కానీ, లేచాక దానికి చెప్పేవాళ్లు లేరు. మా ల్యాబ్‌లో మాత్రం దానికి ఒక్క కునుకు తీసే అవకాశం కూడా ఇవ్వలేదు. మేము చూపించిన అంత శ్రద్ధే రోగాన్ని దాచిపెట్టింది.

తిరిగి వచ్చేసరికి ల్యాబ్‌లో పింగులన్నీ ఆపించి కూర్చుంది మేడం. ఆ తెరలు ఖాళీగా ఉండడం నేను మొదటిసారి చూశాను. మళ్లీ సగం, అందులో సగం. ఈసారి ఆవిడ చెబుతుంటే నేను నడిపాను. ఒక్కో ముక్కా తీసేస్తున్నాం, నా మార్పు మాత్రం మిగిలిన ముక్కలోనే ఉంటోంది. చివరికి నా మార్పు దాకా మాత్రమే ఉన్న వెర్షన్ పెట్టి, పింగ్ లేకుండా వదిలేసి, కాసేపాగి చదివించాం. పచ్చ లైటు! నా మార్పు లోపల ఉండగానే అడాప్టర్ నిద్రపోకుండా బుద్ధిగా నడుస్తోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకో రెండు పరీక్షలతో ఒక్క మార్పు మిగిలింది. తెర మీద దాని పేరు పడింది, 'బ్యాటరీ ఆదా కోసం అడాప్టర్‌ను నిద్రపుచ్చడం' అని. కింద, రాసినవారు: సబీహా.

"మేడం, ఇంకోసారి చూద్దామా..." అని నీళ్లు నమిలాను. ఆవిడ తెర మీదికి వంగి చదివింది. "అరే, నాదే!" అంది, మంచం కింద తప్పిపోయిన చెప్పు దొరికినట్టు. "హమ్మయ్య. దొరికింది." నన్ను వెంటబెట్టుకుని నేరుగా మూర్తి గారి గదికి నడిచింది. "మూర్తి సాబ్, పేరు చెప్త అన్న గద. సబీహా. పండుమని నేనే చెప్పిన, లేచినంక ఏం చెయ్యాల్నో చెప్పుడు మరిచిన. లత పట్టుకున్నది, లతనే సరిచేస్తది." ఆయన మొహంలో రంగులు మారాయి. "మీరా? మరి క్లయింటుకు ఏమని చెప్పమంటారండీ?" అన్నాడు. "నా పేరే చెప్పుండ్రి. నన్ను తీసెయ్యమంటె అప్పుడు చూద్దాం." ఎవరూ తీసెయ్యమనలేదు. సరిచేసిన వెర్షన్ నేనే పంపాను. యాదగిరి ఫోను చేసి, "ఇగ పండుతలేవు అక్కా, మమ్ముల గూడ పండనిస్తలేవు" అన్నాడు. మూర్తి గారు కూడా ఆ వారంలోనే నన్ను పిలిచి పర్మనెంటు చేశానని చెప్పి, కొంచెం ఇబ్బందిగా నవ్వాడు.

మూర్తి గారి గదికి వెళ్లిన ఆ సాయంత్రమే, బస్సు కోసం రోడ్డు మీదికి నడుస్తూ అడిగాను. "మేడం, అట్ల మూర్తి సార్ ముంగట చెప్పిండ్రు, భయం గాలేదా?"

"ఎందుకు గాదు? అయింది. గని దొరకనంత సేపు ఉన్న భయం ముంగట గిదెంత?" అంది. ఇంకో లవంగం నోట్లో వేసుకుని, మామూలుగా, రేపటి కూర గురించి చెబుతున్నట్టుగా అంది: "నీదై ఉంటె గూడ గిట్లనే పోతుంటి. నీ పేరు చెప్పి, నీ పక్కన నిలబడుతుంటి."

నాది కాదని తేలినప్పుడు నాకు కన్నీళ్లు రాలేదు. ఆ మాటకు వచ్చేశాయి. నడిరోడ్డు మీద, ఆటోలు పోతుంటే, కొంగుతో మొహం తుడుచుకున్నాను. అప్పటిదాకా నేను మోస్తున్న భయం, తప్పు చేశానేమోనన్నది కాదని అప్పుడు తెలిసింది. తప్పు చేస్తే ఒంటరినవుతానన్న భయం అది. అది ఆ రోడ్డు మీద దిగిపోయింది. ఇంటికి వెళ్లి పిల్లలకంటే ముందు నిద్రపోయాను. మా ఆయన జ్వరమేమోనని నుదురు ముట్టి చూశాడట.

మేడం రిటైరయ్యింది. పహాడీ షరీఫ్‌లోనే ఉంటుంది, రంజాన్‌కు వెళ్తే తినమని ప్రాణం తీస్తుంది. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఏదైనా చెడినప్పుడు, మొహం వేలాడేసుకుని ఎవరో ఒకరు వస్తారు. చూశారా అని అడుగుతాను. చూడకపోతే కలిసి చూస్తాం. వాళ్లదేనని తేలితే, లేచి డైరెక్టరు గదికి బయలుదేరతాను. వాళ్లు తల వంచుకుని నా వెనక నడుస్తారు. తలుపు దగ్గర ఆగుతాను. వాళ్లు నా పక్కకు వచ్చేదాకా తలుపు తియ్యను.