బాగుందన్న మాటను నమ్మని డాక్టరమ్మ

మత్తు డాక్టరమ్మ సోమవారం పోయారు. మర్నాటికే ఆమె పనిచేసిన ఆస్పత్రి గేటుకు ‘సేవామూర్తి’ అని ఫ్లెక్సీ వేలాడింది. బతికుండగా ఆమె రాసిన ఒక్క కాగితం చదవడానికి తీరిక దొరకనివాళ్ళే కట్టించారు. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్ళు మండింది.

మా అన్న సింధనూరు వైపు రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు హమాలీ. ఊక దుమ్ముకు దగ్గు ముదిరి, ఆ ఆస్పత్రిలో చేరితే, ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం దించి చూడాలన్నారు. అలాంటి రోగులకు ఏ మత్తుమందు మేలో డాక్టరమ్మ అప్పుడు పోల్చి చూస్తున్నారు. ఒప్పుకున్నవాళ్ళలో కొందరికి మిడజోలమ్, కొందరికి డెక్స్‌మెడెటొమిడిన్. వినగానే వార్డులోనే గొడవకు దిగాను. “బీదోళ్ళ మీదనా మీ పరీక్షలు?”

“అరవండి సార్, మంచిదే,” అన్నారామె. “గీ వార్డుల అరిచేటోళ్ళు లేకనే గిట్లుంది.”

అన్న ఒప్పుకున్నాడు. మిడజోలమ్ ఇచ్చారు. నిద్రలోకి జారాక ఊపిరి మందగించి, పరీక్ష సగంలో ఆపాల్సి వచ్చింది. సాయంత్రం ఆమె ఎట్లుందని అడిగితే చేతులు జోడించాడు. “బాగుంది మేడమ్, ఏం తక్లీఫ్ లేదు.”

ఆమె నమ్మలేదు. కోటు, టోపీ, మాస్కు తీసేసి, ఎవరో రోగి తాలూకు మనిషిలా వచ్చి బెంచీ మీద అన్న పక్కన కూర్చున్నారు. అదే ఆమె పద్ధతి. తెల్లకోటు అడిగితే బీదోడు బాగుందనే అంటడు, అనేవారు.

“ఏం అన్నా, పైపేసిండ్రంట?”

“ఏం చెప్పాలక్కా! గోనెసంచి నోట్ల కుక్కినట్లాయె. మల్ల రమ్మంటే రాను. దగ్గుకుంటనే సస్త.”

జనం తరఫున అని పాతికేళ్ళుగా వ్యాసాలు రాస్తున్న నేను, సొంత అన్నను ఆ ముక్క అడగలేదు.

ఆ డాక్టర్ తనేనని చెప్పగానే అన్న లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టారు. “ఈసారి వేరే మందు. ఇదీ దేవుడేం కాదన్నా. దానికి ఊపిరి చూస్కోవాలె, దీనికి గుండె చూస్కోవాలె. నేను తలకాడనే ఉంట.”

ఉన్నారు. గొట్టం లోపలున్నా, పిలిస్తే అన్న కళ్ళు తెరిచాడు. పరీక్ష పూర్తయింది, జబ్బేమిటో తేలింది, వైద్యం మొదలైంది.

బెంచీ మీద విన్నవన్నీ జతచేసి, రెండు మందులూ ఉంచాలని, మనిషిని చూసి ఇవ్వాలని ఆమె పైవాళ్ళకు రాశారు. రోగులెవరూ ఫిర్యాదు చేయలేదు కదా అన్నారు వాళ్ళు.

“నోట్ల పైపున్నోడు ఎట్ల చేస్తడు సార్?” అని ఆమె అడిగితే నవ్వారట. ఇప్పటికీ అక్కడ అందరికీ ఒకటే మందు, ఆ మిడజోలమే. రోగి కదిలితే ఇద్దరు చేతులు అదిమి పట్టుకుంటారు.

నిన్న సంతాప సభ. మత్తు విషయంలో తమ దగ్గర ఏ రోగీ ఇంతవరకు నొచ్చుకోలేదని, అది ఆమె చలవేనని ఒక పెద్దాయన సెలవిచ్చారు. వెనక వరసలోంచి అన్న లేచాడు. డాక్టర్ల ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి, నేరుగా వెళ్ళి మైకు అందుకున్నాడు.

“సార్, ఆ దినం బాగుందని అబద్ధం చెప్పిన. బాగలేకుండె. జర రాస్కోండి.”

వేదిక మీద ఒక్కరూ పెన్ను తీయలేదు. అన్న దగ్గుతూ, వాళ్ళ చేతులకేసి చూస్తూ, అట్లాగే నిలబడి ఉన్నాడు.