ఎడమచేతి గీత కత్తి

కత్తి చేతులు మారిన పూట అక్కడ ఉన్నవాళ్లు, ఉన్నవి: రేకుల పందిరి కింద చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తున్న ఒక ఇల్లాలు. ఆమె ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నేను. దూలానికి చుట్టి పెట్టిన, తాడి ఎక్కే మోకు. బోర్లించిన కల్లు లొట్లు, మట్టి కుండలు, రెండు. చూరులో దోపిన, కల్లు గీసే గీత కత్తి. కోరుట్లలో నేను కొని తెచ్చిన పెద్ద కత్తెర, ఇంకా అట్టపెట్టెలోనే. లేనిది ఒక్కరే, ఆ కత్తి గల ముసలాయన. తాటిచెట్టు మీది నుంచి పడి, తుంటికి రాడ్డు వేయించుకుని జగిత్యాల ఆసుపత్రిలో ఉన్నాడు.

బీడీలు చేస్తున్నామె ఆయన కోడలు. గొల్లపల్లి దగ్గర మా అక్కను ఇచ్చిన ఊరు అది. వాళ్ల ఇల్లు అక్కవాళ్ల ఇంటికి మూడోది. మాది కోరుట్ల. నేను మెకానికల్ డిప్లొమా చేసి సిరిసిల్లలో ఒక మగ్గాల షెడ్డులో మెషిన్ల మరమ్మతు చూస్తాను. అక్కడే అద్దె గది. గదిలో ఒక గోడంతా కత్తులు. ప్రతి కత్తికీ కంప్యూటర్‌లో ఒక వరుస ఉంటుంది: ఉక్కు రకం, గట్టిదనం, అంచు కోణం, ఎక్కడ కొన్నాను, ఎందుకు కొన్నాను.

ఈ కత్తిని అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా చూస్తూ ఉండేవాణ్ని. లారీ కమాన్ పట్టీని కొట్టి చేసింది. ఏ కంపెనీ ముద్రా లేదు. పిడి మీద గుడ్డ చుట్టి ఉంది, అరచేతి చెమటకు నల్లబడింది. అంతకు ముందు వచ్చినప్పుడు ధర అడిగితే కోడలు నవ్వింది.

"పైసలెందుకు తమ్మీ. నా కత్తెర మొద్దువడ్డది, ఆకు చినుగుతున్నది. మంచి కత్తెర ఒకటి తెచ్చియ్యి, గంతే."

"తాతను అడగద్దా అక్కా?"

"అడుగుతె ఇస్తడా? గీ కత్తి కండ్ల ముందల ఉంటె, కట్టె వట్టుకోనైనా మల్ల చెట్టెక్కుతా అంటడు. డెబ్బై ఏండ్లు దాటినయి. నువ్వు పట్కవోతె నాకు నిద్రవడ్తది."

ఒకసారి అడిగాను కదా అనుకున్నాను. రెండోసారి అడగలేదు.

కత్తులు పోగేసేవాళ్ల గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంది. కొన్నాక చింతించిన కత్తి ఏది అని ఈ మధ్య ఎవరో అడిగారు. రెండు రోజులు అదే ముచ్చట. ఒకాయన ఆన్‌లైన్‌లో అలల గీతలున్న డమాస్కస్ కత్తి తెప్పించి, నిమ్మకాయ కోశాడట. గీతలు నిమ్మకాయకు అంటుకున్నాయి. ఇంకొకాయన పింగాణీ కత్తి కొని, మొదటి రోజే సింకులో జారవిడిచాడు. నేను మూడు రాశాను. పెట్టె మీద రాసిన ఉక్కు ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయిన మడత కత్తి. మా అమ్మ బొక్కల మటన్ మీద వేసేసరికి అంచంతా పళ్లు పళ్లుగా లేచిన జపాన్ కత్తి. దుబాయ్ నుంచి చిన్నాయనతో తెప్పించుకున్న వేట కత్తి, దాని అడుగున మన దేశంలోనే చేసినట్టు ముద్ర. అందరూ నవ్వారు. నాలుగోది, ఈ గీత కత్తి, రాయలేదు.

గీత కత్తిని సిరిసిల్ల తెచ్చిన వారం షెడ్డులో పట్టీ గ్రైండర్ ఖాళీగా దొరికింది. అంచును దగ్గరగా చూశాను. ఒక ముఖం చదునుగా ఉంది, రెండో ముఖం మాత్రమే వాలుగా ఉంది. కంప్యూటర్‌లో ఇలా రాసుకున్నాను: "అంచు ఒకవైపే అరిగింది. సరిచేయాలి." సరిచేశాను. రెండు వైపులా ఒకే కోణం వచ్చేలా, కొలిచి మరీ పట్టాను. పై నలుపు తీసి, అద్దంలా మెరుగు పెట్టాను. కొన దగ్గర అంగుళం మేర ఉక్కు నీలం రంగు తిరిగింది. అలా తిరిగితే గట్టిదనం పోయిందని మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాను. నీలాన్ని కూడా అరగదీసేశాను. గోడకు తగిలించేదే కదా, దీంతో ఎవరు కోస్తారు అనుకున్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో అక్క ఫోన్ చేసింది.

"అరేయ్, గా తాత కత్తి నువ్వు తెచ్చుకున్నవా?"

"కోడలే ఇచ్చిందే."

"ఇచ్చిందట! ఆయన ఇంటికి అచ్చినకాన్నుంచి వాడకట్టంత అడుగుతున్నడు. ఆమె భయానికి చెప్పలె, ఇయ్యాల చెప్పింది. కొడుకు మస్కట్ కెల్లి అచ్చిండు, ఆడ కంపిని మూసిండ్రట. ఇగ తాళ్లెక్కి కల్లు గాయినే గీస్తడట. తండ్రి కత్తి తప్ప వేరేది వద్దట. తండ్రి కొడుకులది ఇద్దరిది ఎడమచెయ్యే గదరా. మీ బావ మొకం ఏడవెట్టుకోవాలె?"

ఫోన్ పెట్టేసి గోడ మీది కత్తిని దించాను. కుడిచేత్తో పట్టి గాలిలో కోసినట్టు ఆడించాను, తర్వాత ఎడమచేత్తో. చదును ముఖం గొలకు, కల్లు కారే తాటి గెలకు, ఆని ఉండాలి, వాలు ముఖం బయటికి ఉండాలి. అప్పుడే కాగితమంత పలచగా చెక్కు లేస్తుంది. అది అరుగుదల కాదు. ఎడమచేతి మనిషి కోసం కమ్మరి ఆ కత్తిని అలా చేశాడు. నేను తీసేసింది సరిగ్గా దాన్నే.

ఆదివారం వెళ్లాను. ముసలాయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన వాకర్. కొడుకు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు చాట మీది నుంచి తల ఎత్తలేదు.

ముసలాయన కత్తిని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఓర్నీ! దీన్ని పెండ్లికొడుకును జేసినవు గదరా."

"అండ్ల మొకం కనవడ్తుంది బాపూ, గడ్డం గీసుకోవచ్చు," అన్నాడు కొడుకు.

అందరితో పాటు నేనూ నవ్వాను. ముసలాయన తాటిమట్ట ముక్క ఒకటి తెమ్మన్నాడు. కత్తిని ఎడమచేత్తో పట్టి, మెల్లగా లాగాడు. అంచు పైన జారలేదు, లోపలికి దిగింది. మట్ట చీలింది. ఇంకోసారి లాగాడు. మళ్లీ చీలింది. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి, చాలాసేపు నూరాడు. ఈసారి కొన దగ్గర అంచు రేకులా మడత పడింది. దాని మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

"దీన్ని మంటల వెట్టినవా?"

"లేదు తాతా. మిషన్ మీద పట్టిన."

ఆయన తల ఊపాడు. కత్తిని రెండు చేతులతో నాకు అందించాడు.

"మంచిగ జేసినవు కొడుకా. గిది ఎవలిది?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

"బాపూ, జగిత్యాలల దొర్కుతయి గద, కొత్తది తెస్త," అన్నాడు కొడుకు.

"అవన్ని కుడిచేతియిరా. మనకు జేసేటోడు సచ్చిపోయె. ఆయన కొలిమి కాడ ఇప్పుడు గేట్లకు వెల్డింగ్ జేస్తుండ్రు."

బాగుచేసి తెస్తానని చెప్పి కత్తిని మళ్లీ పట్టుకొచ్చాను. సిరిసిల్లలో ఒక ముఖాన్ని చదును చేయబోయాను. పట్టేకొద్దీ కత్తి పలచబడుతోంది, పట్టకపోతే చదును రావడం లేదు. ఆపేశాను. కోరుట్లలో తెలిసిన కమ్మరి చేతిలో పెడితే ఆకురాయితో ఒకసారి గీకి చూసి తిరిగి ఇచ్చేశాడు. జగిత్యాలలో మరో ముసలి కమ్మరి మాత్రం కూర్చోబెట్టి మాట్లాడాడు.

"ఎవలు వట్టిండ్రు దీన్ని?"

"నేనే."

"ఏం సదువుకున్నవు?"

చెప్పాను.

"గందుకే," అన్నాడు. "తీసిన ఇనుము ఏడికెల్లి తేవాలె సారూ? మల్ల కాల్చి నీళ్లల్ల వెడ్తె గట్టివడ్తది గని, గింత పల్చగున్నది, వంకరవోతది. పోతె నన్నడగద్దు."

కాల్చమన్నాను. వంకరపోయింది. ఆయన చెప్పిన మాట నిజమేనని నాకూ తెలుసు. అయినా ఏదో ఒకటి చేసి తీరాలనిపించింది.

ఆ వంకర కత్తినే తీసుకెళ్లి ఇచ్చాను. ముసలాయన దాన్ని మంచం కింద పెట్టుకున్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. తిట్టినా బాగుండేది. ఇంకో కత్తి చేయిస్తాను తాతా అని నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ "చేపియ్యి కొడుకా" అన్నాడు. ఎవరితో చేయించాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

వస్తుంటే కోడలు దర్వాజ దాకా వచ్చింది.

"ముసలోడు ఎక్కద్దని ఇచ్చిన తమ్మీ. ఇప్పుడు మా ఆయన ఎక్కుతుండు, అంగట్ల కత్తితోని. ఎడమచెయ్యికి మర్లుతలేదట, కుడిచేత్తోని వడ్తుండు. గంత మీద, రానిచేత్తోని." ఇంటి లోపలికి ఒకసారి చూసింది. "ఎక్కద్దంటె ఇంటడా? నువ్వన్న చెప్పరాదు."

చెప్పాను. కొడుకు ఆకాశం దిక్కు చూసి నవ్వాడు. "మరి తాళ్లు నువ్వు గీస్తవా?" అన్నాడు.

ఎండలు ముదిరాక అక్క మళ్లీ ఫోన్ చేసింది. అతను పడలేదు, ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. కోత లోతుకు పోయి గొలలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయట. ముసలాయన రోజూ పొద్దున కొడుకు తెచ్చిన లొట్టిని చేతితో ఎత్తి బరువు చూసి దించుతాడట. ఎన్ని చెట్లు మిగిలాయని అడిగాను. అక్కకు లెక్క తెలియదు. బావను అడిగి చెప్పింది.

వాళ్ల వంతు తాళ్లు ఇరవై రెండు. కల్లు పారుతున్నవి అయిదు.