పీలింగ్ షెడ్డులో జమైకా పాట

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ మా నాన్న నాకప్పగించిన ఏడాది, నేను చేసిన మొదటి ఘనకార్యం పీలింగ్ షెడ్డులో స్పీకరు బిగించడం. పప్పు మీద ఎర్రపొట్టు ఒలిచే ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరసగా కింద కూర్చుని పనిచేస్తారు. వాళ్లకి కాస్త హుషారుగా ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే నా పిచ్చి వాళ్లకీ అంటిద్దామనుకున్నాను.

నా పిచ్చి ఒక జమైకా గాయకుడు. కాలేజీలో పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. ఆయన చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు చర్చిలో కోరస్ పాడాడు. హోటళ్లలో టూరిస్టుల కోసం పాడాడు. ప్రేమపాటలతో పేరు తెచ్చుకుని, ఆ పేరు పోతుందన్న భయం లేకుండా సర్కారుని కడిగేసే పాటలు పాడాడు. కుర్రకారు గెంతులేసే పాటలూ పాడాడు, ముసలితనంలో మళ్లీ దేవుడి దగ్గరకొచ్చాడు. ఆయన పాడే రెగే సంగీతమంటే ఒకటే దరువు కదా అన్నవాళ్లెవరు దొరికినా కూర్చోబెట్టి బుర్ర తినేవాణ్ణి.

స్పీకర్లో ఆయన పాటలు పెట్టాక షెడ్డులో మాటా పలుకూ లేదు. శ్రద్ధగా వింటున్నారని మురిసిపోయాను. నా తెలివి అలా ఏడిసింది.

పదిరోజులకి అత్త నా గది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. పొట్టు తీసేవాళ్లలో అందరికన్నా పెద్దావిడ. షెడ్డులో అందరూ అత్తా అనే పిలుస్తారు, నేనూ అంతే.

"సోమారం నుంచి రాను బావూ. ఇంకో ఫ్యాక్టరీకి ఎల్తన్నాను."

"అదేంటత్తా, ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అన్లేదు. అక్కడైతే పాడుకోనిత్తారట."

అప్పుడు గుర్తొచ్చింది. అత్త ఒక ముక్క పాడితే మిగతావాళ్లు అందుకునేవారు, ఆ పాట మీదే అందరి చేతులూ నడిచేవి. నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. విని విని, ఫ్యాను చప్పుడులాగే దాన్నీ పట్టించుకోవడం మానేశాను.

తప్పు ఒప్పుకోవాల్సింది పోయి, జమైకా ఆయన ఎంత గొప్పవాడో మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. అత్త ఓపిగ్గా వింది.

"మంచోడే. నేనూ ఊడుపుల్లో పాడాను, పెళ్లిళ్లలో పాడాను, అమ్మోరి సంబరాల్లో పాడాను. సావింట్లో ఏడుపు పాట పాడాను. ఎలచ్చన్లలో ఆటో ఎక్కి మైకులోనూ పాడాను. ఆయన కత ఇంత బాగా సెప్తన్నావు గదా, నా కత ఎప్పుడైనా అడిగావేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది.

స్పీకరు విప్పేసి, ఆదివారం వాళ్లింటికెళ్లి బతిమాలాను. సోమవారం ఆవిడ వచ్చి తన చోట కూర్చుంది. కానీ నోరు విప్పలేదు. మధ్యాహ్నం దాకా పొట్టు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అడిగితే పాడే మనిషి కాదని తెలుసు. ఇలాగైతే వారం తిరక్కుండా వెళ్లిపోతుందనీ తెలుసు.

మా షెడ్డులో ఒక ఆచారముంది. వరసలో కొత్తగా కూర్చున్నవాళ్ల మీద అప్పటికప్పుడు పాట కట్టి ఏడిపిస్తారు. యజమానులెవరూ ఎప్పుడూ ఆ వరసలో కూర్చున్న పాపాన పోలేదు. నేను ఒక పళ్లెం తీసుకుని అత్త ఎదురుగా చతికిలబడ్డాను. మొదటి గుండు పప్పు రెండు బద్దలుగా విరిగింది. రెండోదీ విరిగింది. పక్కావిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అత్త నా పళ్లెంకేసి చూసింది. గొంతు సవరించుకుంది.

"గుండు పప్పు ఇత్తే బద్ద జేసే బావుకి, బువ్వెవులెడతారే అమ్మలాలా..."

షెడ్డు మొత్తం అందుకుంది. అత్త నా చేతకానితనం మీద ఒకటి, పొట్ట మీద ఒకటి, నా జమైకా పిచ్చి మీద ఏకంగా మూడు చరణాలు కట్టింది. కడుపుబ్బ నవ్వాను. అంత సంతోషంగా తిట్లు తిన్నది ఎప్పుడూ లేదు.

పాట ఆపి అత్త అడిగింది, "ఇసుమంటి పాట మీ జమైకా ఆయన దగ్గరుందేటి?"

"లేదత్తా," అన్నాను. నిజంగానే లేదు.