నిదానమ్మ చేతి రాడ్డు

మా ఆడపడుచును వీధిలో అందరూ నిదానమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు నాకేమీ విచారం లేదు. వెల్డింగ్ కొట్టు నడుపుతుంది. ఎవరైనా విరిగిన ఊచ పట్టుకొస్తే ముందు దాన్ని గోకి చూస్తుంది, సుత్తితో తట్టి వింటుంది, అప్పుడు గానీ రాడ్డు కోసం లేవదు. ఆ రాడ్లేమో చచ్చిపోయిన ఫ్రిజ్‌లో, వెలుగుతున్న బల్బు పక్కన ఉంటాయి. చెమ్మ తగిలితే అతుకు లోపల బుడగలు వస్తాయట. చల్లటి నీళ్లకని ఆ తలుపు తీసి, ముఖాన వేడిగాలి కొట్టించుకున్న చుట్టాలు మాకు చాలామందే ఉన్నారు.

అది మా మామగారి కొట్టు. కొడుకు, అంటే మా ఆయన, నిప్పురవ్వలు చూస్తే ఆమడదూరం పారిపోయేవాడు. అందుకే నాతో కలిసి రొట్టెల కొట్టు పెట్టాడు. నాన్న మాస్కు కూతురు తగిలించుకుంది.

రొట్టెల కొట్టుకు ప్రాణం పిండి కలిపే మిషను. నా కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. ఇకమీదట చేత్తో పిండి పిసికితే ఆ చెయ్యి దేనికీ పనికిరాదని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. కాబట్టి మిషను ఆగిందంటే మా పొయ్యి ఆరినట్టే. అలాంటిది ఒక పొద్దున, గేర్లను మోసే చట్రం ఫట్టున పగిలింది. అంత పాత మిషనుకు విడిభాగాలు ఎక్కడా రావన్నారు.

మా ఆయన బుర్రకు అప్పుడే తెలివి పుట్టాలా! చెల్లెలు ఏదో పని మీద బయటికెళ్లిన సమయం చూసి, చిన్నప్పుడు నాన్న బలవంతాన నేర్పిన పని గుర్తుతెచ్చుకుని, ఆమె కొట్టులోనే చేతికందిన రాడ్డు తీసుకుని తనే అతికేశాడు. అతుకు ముచ్చటగానే ఉంది. నన్ను పిలిచి చూపించాడు, మీసం మెలేయడమొక్కటే తక్కువ. అంతలో టింగుమని చప్పుడైంది. అతుకు పక్కనే, జానెడు పొడవున కొత్త పగులు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నిదానమ్మ వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. చట్రం మూలను గ్రైండర్‌కు ఆనించింది. రవ్వలు దూరం చిమ్మకుండా, ఎర్రగా వచ్చి అక్కడికక్కడే ఆరిపోయాయి. రాలిన నల్లపొడిని వేళ్ల మధ్య నలిపింది.

“ఏ రాడ్డు వాడావన్నయ్యా?”

“గేట్లకు వాడేదే.”

“గేటయితే వంగి ఊరుకుంటుంది. ఇది పోత ఇనుము. వంగదు, పగులుతుంది.”

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. అతుకు చల్లారేటప్పుడు ముడుచుకుని పక్క ఇనుమును లాగుతుందట. మామూలు రాడ్డుతో వేసిన అతుకు గట్టిపడి కూర్చుంటుంది, ఆ లాగుడుకు పోత ఇనుము తెగుతుంది. నికెల్ రాడ్డు మెత్తన, తనే కాస్త సాగి ఇనుమును బతకనిస్తుంది. అయితే ముందు అన్నగారి ఘనకార్యాన్ని మొత్తం గీకి పారేయాలి.

“ఇంకోసారి పగిలిందంటే అతకడానికి ఇనుము మిగలదు వదినా,” అంది.

నా నోరు ఊరుకుంటుందా? రాత్రికల్లా రొట్టెలు ఇవ్వాలని, పక్క వీధి వెల్డరయితే టీ చల్లారేలోపు చేసిస్తాడని అన్నాను. అయితే అక్కడికే తీసుకెళ్లమంది, తలైనా ఎత్తకుండా. ఒళ్లు మండింది. కానీ ఎక్కడికీ పోలేదు, అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాను.

పాత అతుకంతా గీకింది. పగులు ఇంకా పాకకుండా దాని రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేసింది. అప్పుడు నికెల్ రాడ్డు తీసి, బొటనవేలంత మేర అతికి ఆపేసింది. సుత్తితో మెల్లగా తట్టింది. చెయ్యి ఆనించగలిగేంత చల్లారేదాకా ఊరుకుంది. తర్వాత ఇంకోచోట మరో బొటనవేలంత. నేను కాలుకాలిన పిల్లిలా గుమ్మానికీ స్టూలుకీ మధ్య తిరిగాను. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఎట్టకేలకు పని ముగించి, చట్రాన్ని పొడి ఇసుకలో పూడ్చింది. గబుక్కున చల్లారితే మళ్లీ మొదటికే వస్తుందట.

ఇక ముగ్గురం ఆ ఇసుక కుప్పను చూస్తూ కూర్చున్నాం. మళ్లీ టింగుమంటే నా కొట్టుకు తాళమే. నా పెళ్లయ్యాక నేను అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలని మా ఆయన ఇప్పటికీ అంటాడు. మధ్యలో ఆయన చేతిలోంచి తాళంచెవి జారి టింగుమంది. నేను ఆయనవైపు చూసిన చూపుకు మనిషి లేచి బయటికే పోయాడు.

సాయంత్రానికి ఇసుక తీసింది. అతుకు వెంబడి వేలితో తడిమింది, తట్టి వింది, దీపం దగ్గర పెట్టి రెండు వైపులా చూసింది.

“నిలబడింది,” అంది.

పోయిన ప్రాణం లేచొచ్చింది. చట్రం కొట్టుకు మోసుకెళ్లి, ఆమే దగ్గరుండి బిగించింది. పిండి పోసి స్విచ్చు వేశాం. మిషను తిరిగింది. ముద్ద గిర్రున తిరుగుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆగాలని నేనూ అనుకోలేదు. ఏడుస్తూనే, నువ్వెప్పుడూ ఇంత తాపీగా ఎలా ఉంటావే అమ్మాయ్ అని అడిగాను.

“తాపీ ఎక్కడ వదినా? పొద్దుట్నుంచీ చచ్చేంత భయం. ఇది పోతే నువ్వు ఎవరు చెప్పినా వినకుండా ఆ చేత్తోనే పిండి పిసుకుతావు.”

నిజమే, ఎవరు వద్దన్నా అదే చేసేదాన్ని. ఆమె వెళ్లి పిండి బస్తాల మీద ఒరిగింది. మేం ముద్దలు చేసి పొయ్యిలో పెట్టి చూసేసరికి, నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉంది. మా ఆయన మొదటి రొట్టె పళ్లెంలో పెట్టుకుని, వేడిగా తింటుందని లేపబోయాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

“చల్లారితే చల్లారనీండి. పడుకోనివ్వండి.”