ఒక రోజు జరిగిన మామ వానలు

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా ఇంటికి ఒక విద్యార్థిని వచ్చింది. నా పాత పరిశోధన లెక్కలనే కొత్త కంప్యూటర్ మీద మళ్లీ చేస్తోంది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "సార్, ఫైల్ల ఒక ఊరి పక్కన 'ఒక రోజు జరపాలి, మామ' అని ఉన్నది. మామ అంటే ఏదన్న పద్ధతా?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. పద్ధతి కాదు, మా అమ్మకు తమ్ముడు.

మామది నిర్మల్ దగ్గర పల్లె. ఆయన వాకిట్లో సర్కారు వాళ్లు పెట్టిపోయిన వర్షమాపకం ఉండేది. ఊరంతా దాన్ని వాన డబ్బా అనేవారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లను గాజు గొట్టంలోకి వంచి, కంటి దాకా ఎత్తి చూసి, నోటుబుక్కులో రాసేవాడు. పెళ్లినాడు కూడా బాసింగంతోనే వెళ్లి చూసొచ్చాడని అత్త దెప్పేది. ఆయన కాదనేవాడు కాదు. నేను పరిశోధనలో చేరగానే ఆ బుక్కులన్నీ నా ముందు పెట్టి నకలు రాసుకొమ్మన్నాడు. తన వానలు అల్లుడి పుస్తకంలోకి ఎక్కుతున్నాయని అంగట్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు.

నా పని చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. బంగాళాఖాతం మీది గాలులు ఒక పట్టిక, మన ఊళ్ల వానలు ఇంకో పట్టిక. రెంటినీ తారీఖు వారీగా పక్కపక్కన పెట్టి, అక్కడ ఏ అమరిక బలపడిన రోజున ఇక్కడ ఏ అమరిక బలపడుతుందో లెక్కగట్టాలి. సంబంధం చూడటం లాంటిదే, కాకపోతే పిల్లనూ పిల్లవాణ్ణీ కాదు, రెండు వైపుల చుట్టాలందరినీ ఒకేసారి చూడాలి. నెలల తరబడి చేస్తే జంట కుదిరింది. ఆదిలాబాద్ నుంచి ధర్మపురి దాకా ఊళ్లన్నీ గాలులతో కలిసి నడిచాయి, మామ ఊరు తప్ప. అక్కడ మాత్రం గాలి రాకముందే వాన పడినట్టు వచ్చింది. మా ప్రొఫెసర్ గారు కాగితం చూసి, "ఆ ఊరు తీసేయండి" అన్నారు. ఆ మాట మామకు ఏ ముఖం పెట్టుకొని చెప్పను?

చెప్పడానికే బస్సెక్కాను. తెల్లారి ఆయన వెంట డబ్బా దగ్గర నిలబడ్డాను. రాత్రి మంచి వాన కురిసింది. గొట్టం చూశాడు, బుక్కు తెరిచాడు, నిన్నటి తారీఖు ఎదురుగా రాశాడు.

"మామా, ఇయ్యాల చూసింది ఇయ్యాల్టి తారీఖు కింద గద రాయాలె. అన్ని ఊళ్లల్ల గట్లనే రాస్తరు."

"వాన నిన్న వడ్డది అల్లుడా. నేను పొద్దుగాల సూశిన్నని ఇయ్యాల్టిదైతదా?"

అంతలోనే ఆయన ముఖం వాడిపోయింది. "అంటే గిన్నేండ్లు తప్పు రాశిన్నా?"

అత్త గడపలోంచే అందుకుంది. "జెరమొచ్చిన్నాడు గుడ లేశి రాశిండు. తప్పెట్లయితది?"

తప్పు కాదని, అన్నీ ఒకేలా ఒక రోజు తేడాతో ఉన్నాయి గనుక దిద్దడం సులువని నచ్చజెప్పాను. మామ బుక్కు మూసి, "నీ మిషన్ల జరుపుకో. నా బుక్కుల మాత్రం గీత వెట్టకు" అన్నాడు.

అలాగే జరిపాను. మామ ఊరు వచ్చి మిగతా ఊళ్ల పక్కన బుద్ధిగా కూర్చుంది. ప్రొఫెసర్ గారు రెండుసార్లు చూసి, "ఉంచండి" అన్నారు. నేను మళ్లీ వెళ్లి చెబితే మామ, "కలిసింది గద, ఇగ అన్నం తిను" అన్నాడు. ఆ పూట అత్త నాకు రెండుసార్లు నెయ్యి వేసింది. అంత సంతోషం పట్టా చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు.

అంతా విన్న అమ్మాయి, "మరి ఫైల్ల ఉన్న గా మాట తీసేసి, జరిపిన లెక్కనే పెట్టాల్నా సార్?" అంది. ఉండనివ్వమన్నాను. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయన రోజులన్నిటినీ జరపడానికి కంప్యూటర్‌కు క్షణం పట్టలేదు, వాటిని ఒక్కొక్క పొద్దున లేచి రాయడానికి ఆయనకు సగం జీవితం పట్టింది.